గోడలు దాటిన చిత్రశాల
సమకాలీన కళలో అంతర్‌శాస్త్రీయ ఉన్నత విద్య: ఒక చారిత్రక పరిశీలన



విష్ణుధర్మోత్తర పురాణంలో ఒక సంభాషణ ఉంది. వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షి దగ్గరకు వెళ్లి దేవతా ప్రతిమలు చేసే విద్య నేర్పమని కోరతాడు. చిత్రకళ తెలియనివాడికి శిల్పం పట్టుబడదంటాడు మహర్షి. అయితే చిత్రకళే నేర్పమంటాడు రాజు. నృత్యం తెలియకుండా చిత్రం రాదని జవాబు. నృత్యానికి వాద్యం కావాలి, వాద్యానికి గానం కావాలి. ఉలి పట్టుకుందామని వచ్చిన రాజు చివరికి పాట దగ్గర పాఠం మొదలుపెట్టవలసి వచ్చింది.

ఈ పురాణంలోని చిత్రసూత్ర భాగాన్ని 1924లో స్టెల్లా క్రామ్రిష్ ఆంగ్లంలోకి అనువదించారు. ఆమె ఆస్ట్రియా నుంచి మన దేశానికి వచ్చి శాంతినికేతన్‌లోనూ, కలకత్తా విశ్వవిద్యాలయంలోనూ కళాచరిత్ర బోధించిన విదుషి. ఒక కళను నేర్చుకోవాలంటే దాని ఇరుగుపొరుగు కళలు కూడా తెలిసి ఉండాలన్న భావన మన నేలకు కొత్తది కాదని ఈ కథ చెబుతోంది.

మరి ఈ రోజు పరిస్థితి ఏమిటి? చిత్రలేఖనం ఒక శాఖ. శిల్పం మరొక శాఖ. సంగీతానికి వేరే కళాశాల. చరిత్ర, సాహిత్యం, రసాయన శాస్త్రం అసలు వేరే ప్రాంగణంలోనే ఉంటాయి. ఇటీవలి దశాబ్దాలలో కొన్ని విశ్వవిద్యాలయాలు ఈ శాఖల మధ్య గోడలను తగ్గించి, సమకాలీన కళలో అంతర్‌శాస్త్రీయ స్నాతకోత్తర కోర్సులను ప్రవేశపెట్టాయి. మీలో కొందరు అలాంటి కోర్సులో చేరాలని ఆలోచిస్తూ ఉండవచ్చు. అసలు ఆ గోడలు ఎప్పుడు లేచాయి? వాటిని దాటడానికి ఎవరు ఎలా ప్రయత్నించారు? ఆ ప్రయత్నాల వల్ల ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు బయటే ఉండిపోయారు? ఈ పాఠంలో ఈ మూడు ప్రశ్నలను పరిశీలిద్దాం.

'అంతర్‌శాస్త్రీయం' అంటే ఏమిటి?

ముందుగా ఈ పదానికి అర్థం తెలుసుకోవాలి. నాలుగు విషయాలను నాలుగు పీరియడ్లలో వేర్వేరుగా చదివితే అది అంతర్‌శాస్త్రీయ విద్య కాదు. ఒకే ప్రశ్నకు జవాబు వెతుకుతూ, ఒక శాస్త్రం చాలక మరొక శాస్త్రం తలుపు తట్టవలసి రావడమే అంతర్‌శాస్త్రీయ అధ్యయనం. ఇక్కడ ముందు పుట్టేది ప్రశ్న. సబ్జెక్టులు దాని వెనక వస్తాయి.

మనకు దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం ఒకటి మీ ముందు ఉందనుకోండి. దాని మీద రామాయణ గాథ ఉంటే, ఆ బొమ్మలను చదవడానికి సాహిత్యం, కళాచరిత్ర కావాలి. అందులోని నల్లరంగు ఎలా వచ్చిందని అడిగితే రసాయన శాస్త్రంలోకి వెళ్లాలి. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో నానబెట్టి పులియనిస్తారు. గుడ్డను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో ముంచి ఆరబెడతారు. ఇనుప ద్రావణం ఆ గుడ్డను తాకగానే కరక్కాయలోని టానిన్‌తో కలిసి నల్లబడుతుంది. ఎరుపు నిలవాలంటే పటిక కావాలి. ప్రతి దశలోనూ ఉతకాలి, అందుకు పారే నీరు కావాలి. అంటే నది గురించి, పర్యావరణం గురించి కూడా తెలియాలి.

ఇంతటితో అయిపోలేదు. ఈ కోరమాండల్ తీరపు అద్దకం బట్టల కోసమే ఐరోపా వర్తకులు మచిలీపట్నం రేవుకు వచ్చారు. ఇంగ్లీషు కంపెనీ 1611లో అక్కడ వర్తక స్థావరం నెలకొల్పింది. తర్వాత మన బట్టల పోటీకి తట్టుకోలేక 1686లో ఫ్రాన్స్, 1700, 1721 చట్టాలతో ఇంగ్లండు వాటి మీద నిషేధాలు విధించాయి. ఇప్పుడిది ఆర్థిక చరిత్ర. చూశారా, ఒక్క గుడ్డ ముక్క మనల్ని ఎన్ని శాఖల గుమ్మాలు ఎక్కించిందో! ఈ గుమ్మాలన్నీ ఎక్కే ఓపికను, ఎక్కిన చోట ఏం అడగాలో తెలిసిన పద్ధతిని నేర్పడమే అంతర్‌శాస్త్రీయ విద్య ఉద్దేశం.

గోడలు లేచిన కాలం

మన దేశంలో ఆధునిక కళాశాలలు పంతొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో పుట్టాయి. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ ఒక కళాపాఠశాల స్థాపించారు. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. కొద్దికాలానికే ఆ పాఠశాల ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. 1854లో కలకత్తాలో, 1857లో జంషెడ్జీ జీజీభాయ్ విరాళంతో బొంబాయిలో, 1875లో లాహోరులో ఇలాంటి పాఠశాలలు వెలిశాయి. లాహోరు పాఠశాల తొలి ప్రిన్సిపాల్ జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్. అదే నేటి పాకిస్తాన్‌లోని నేషనల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్.

ఈ పాఠశాలలు ఎందుకు వచ్చాయో గమనించండి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో భారతీయ చేతివృత్తుల వస్తువులు చూపరులను ఆశ్చర్యపరిచాయి. అదే సమయంలో యంత్రాలపై తయారైన విదేశీ వస్త్రాలు మన చేతివృత్తులను దెబ్బతీస్తున్నాయి. వృత్తికళాకారులకు శాస్త్రీయమైన డ్రాయింగు నేర్పి, వాళ్ల పనితనాన్ని నిలబెట్టాలన్నది ప్రకటిత లక్ష్యం. అయితే అమలు చేసిన పాఠ్యక్రమం లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి. ముందు సరళరేఖలు, తర్వాత జ్యామితి ఆకారాలు, తర్వాత ప్లాస్టర్ నమూనాలను చూసి గీయడం. మెట్టు తర్వాత మెట్టు, పరీక్ష తర్వాత పరీక్ష.

ఫలితం ఊహించని విధంగా వచ్చింది. ఈ పాఠశాలల్లో పెద్ద సంఖ్యలో చేరినవారు కమ్మరి, కంసాలి, నేత కుటుంబాల పిల్లలు కారు. డ్రాఫ్ట్స్‌మన్, డ్రాయింగు మాస్టరు వంటి ఉద్యోగాలు కోరిన పట్టణ యువకులు. అలా ఒక పెద్ద గీత పడింది. పాఠశాలలో చదివి కాన్వాసు మీద రంగులు వేసేవాడు 'ఆర్టిస్టు' అయ్యాడు. ఇంట్లో తాతతండ్రుల దగ్గర నేర్చుకున్నవాడు 'పనివాడు' అయ్యాడు. లలితకళ ఒకవైపు, చేతివృత్తి మరొకవైపు. మనం ఈనాడు సహజమనుకునే ఈ విభజన ఈ రూపంలో స్థిరపడి రెండు వందల సంవత్సరాలు కూడా కాలేదు.

1896లో కలకత్తా పాఠశాలకు సూపరింటెండెంటుగా వచ్చిన ఇ.బి. హావెల్ ఈ పద్ధతిని మార్చబోయారు. ఐరోపా నమూనాలను తగ్గించి మొగలాయి, రాజపుత్ర చిత్రాలను పాఠంగా పెట్టారు. అప్పుడు వ్యతిరేకించినవారు ఎవరో తెలుసా? విద్యార్థులే. తమకు 'ఉన్నతమైన' ఐరోపా కళ నేర్పకుండా చేస్తున్నారని వాళ్లు ఆగ్రహించారు. ఒక గోడ కొంతకాలం నిలిచిందంటే అది మన మనసులో కూడా లేస్తుందని ఈ ఘటన తెలియజేస్తుంది. 1905లో హావెల్ ప్రోత్సాహంతో అవనీంద్రనాథ్ టాగూర్ ఆ పాఠశాల ఉపాధ్యక్షులయ్యారు. అక్కడ ఆయన తీర్చిదిద్దిన శిష్యుల్లో నందలాల్ బోస్ ఒకరు.

మొదటి ప్రయత్నం: శాంతినికేతన్

1919 సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. ఆ ఏడాది రవీంద్రనాథ్ టాగూర్ శాంతినికేతన్‌లో కళాభవన్ ప్రారంభించారు. అదే ఏడాది జర్మనీలోని వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్ పాఠశాల స్థాపించారు. రెండింటికీ సంబంధం లేదు. కానీ కళను, చేతిపనిని మళ్లీ కలపాలన్న ఆలోచన రెండుచోట్లా ఒకేసారి రూపు దిద్దుకుంది. 1922 డిసెంబరులో బౌహౌస్ కళాకారుల చిత్రాలు కలకత్తాలో ప్రదర్శనకు వచ్చాయి. అందుకు తోడ్పడినవారిలో స్టెల్లా క్రామ్రిష్ ఉన్నారు.

కళాభవన్‌లో నందలాల్ బోస్ నడిపిన పద్ధతిలో చదువుకు, పనికి, పండుగకు మధ్య గీత లేదు. విద్యార్థులు చిత్రాలు వేసేవారు. ఉత్సవాలకు అల్పన ముగ్గులు పెట్టేవారు. బాతిక్, తోలుపని, నేత నేర్చుకునేవారు. టాగూర్ నృత్యనాటికలకు రంగస్థలం అలంకరించేవారు, దుస్తులు రూపొందించేవారు. మట్టితో కట్టి తారు పూసిన 'కాలోబాడీ' అనే నల్ల ఇంటి గోడల మీద ఉబ్బెత్తు శిల్పాలు చేశారు. ఇక్కడి అధ్యాపకుల్లో రామ్‌కింకర్ బైజ్ 1938లో సిమెంటు, కంకరతో 'సంతాల్ కుటుంబం' శిల్పం నిర్మించారు. బినోద్ బిహారీ ముఖర్జీ 1946-47లో హిందీభవన్ గోడలపై మధ్యయుగ సంతుల జీవితాలను చిత్రించారు. ఆ కుడ్యచిత్రం ముందు నిలబడితే అందులో సాహిత్యం ఎక్కడ ముగిసిందో, చరిత్ర ఎక్కడ మొదలైందో చెప్పలేం. 1938 హరిపురా కాంగ్రెసు మహాసభకు పోస్టర్లు గీసిన నందలాల్ బోసే, తర్వాత తన బృందంతో భారత రాజ్యాంగ మూలప్రతి పుటలను అలంకరించారు.

ఈ గాలి తెలుగు నేలకూ సోకింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. అక్కడ చిత్రకళ బోధించిన ప్రమోద్‌కుమార్ ఛటర్జీ అవనీంద్రుని బాణీకి చెందినవారు. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు చిత్రకారుడు, నవలాకారుడు, కవి. తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. బొమ్మ, కథ, పాట ఒకే మనిషిలో ఇమడటం ఆ తరానికి వింతగా తోచలేదు. తర్వాతి కాలంలో కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదులో చదివి, శాంతినికేతన్‌లో నందలాల్ వద్ద శిక్షణ పొంది, తిరిగి వచ్చి హైదరాబాదులో ఎందరికో గురువయ్యారు.

అయితే కళాభవన్ ఒక ఆశ్రమ వాతావరణంలో పుట్టింది. ఒక మహాకవి నీడలో, కొద్దిమంది విద్యార్థులతో అది సాధ్యమైంది. దాన్ని విశ్వవిద్యాలయ డిగ్రీగా, దేశమంతటికీ అందుబాటులోకి తేవడం ఎలా?

రెండవ ప్రయత్నం: బరోడా

స్వాతంత్ర్యం వచ్చాక ఆ ప్రశ్నకు బరోడా ఒక జవాబు ఇచ్చింది. మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం 1949లో ఏర్పడింది. మరుసటి ఏడాది, 1950లో, అందులో లలితకళల ఫ్యాకల్టీ ప్రారంభమైంది. అప్పటి వైస్ చాన్సలర్ హంసా మెహతా. మార్కండ్ భట్ తొలి డీన్. ఎన్.ఎస్. బేంద్రే చిత్రకళను, శంఖో చౌధురి శిల్పాన్ని నడిపారు. ఇక్కడ కుంచె పట్టే విద్యార్థి కూడా కళాచరిత్ర, సౌందర్యశాస్త్రం చదవాలి. కళాచరిత్ర చదివేవారికి, బొమ్మలు వేసేవారికి ప్రాంగణం ఒకటే. మన దేశంలో డిప్లొమాగా ఉన్న కళావిద్య ఇలా విశ్వవిద్యాలయ పట్టాగా మారింది. 1961 నుంచి అధ్యాపకులు, విద్యార్థులు కలిసి చవకగా బొమ్మలు, ఆటవస్తువులు చేసి అమ్మే కళా సంతలు కూడా నిర్వహించారు.

బరోడాను తీర్చిదిద్దినవారిలో కె.జి. సుబ్రమణ్యన్ జీవితం ఈ పాఠానికి ఎంతో ఉపకరిస్తుంది. 1924లో కేరళలో పుట్టిన ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆర్థికశాస్త్రం విద్యార్థి. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. ప్రభుత్వ కళాశాలల తలుపులు మూసుకుపోయాయి. అప్పుడు 1944లో శాంతినికేతన్‌కు చేరుకున్నారు. 1951లో బరోడాలో అధ్యాపకులయ్యారు. మధ్యలో 1959 నుంచి 1961 వరకు అఖిల భారత చేనేత బోర్డులో పనిచేశారు. మట్టిపలకలతో కుడ్యశిల్పాలు చేశారు, పిల్లల పుస్తకాలు రాశారు, సిద్ధాంత వ్యాసాలు రాశారు. ఆర్థికశాస్త్రం చదివిన మనిషి కనుకనే చేతివృత్తిని కేవలం అందమైన వస్తువుగా కాక, ఒక కుటుంబం బతుకుతెరువుగా కూడా చూడగలిగారు.

మరొక ఉదాహరణ భూపేన్ ఖఖర్. 1934లో బొంబాయిలో పుట్టిన ఆయన చార్టర్డ్ అకౌంటెంటు. 1962లో బరోడా వచ్చి కళావిమర్శ కోర్సులో చేరారు. విమర్శ చదువుతూ, పక్క గదుల్లోని చిత్రకారుల మధ్య తిరుగుతూ, తానే చిత్రకారుడయ్యారు. పద్దులు రాసి జీవనం సాగిస్తూ గడియారాలు బాగుచేసేవాళ్లను, మంగలి దుకాణాలను, చిన్న ఉద్యోగులను చిత్రించారు. ఉన్నత కళ గుమ్మం దాటని మనుషులకు కాన్వాసు మీద చోటు ఇచ్చారు. కళావిమర్శ శాఖ, చిత్రకళ శాఖ వేర్వేరు ఊళ్లలో ఉండి ఉంటే ఈ కథ మరోలా ఉండేదేమో!

తెలుగువారికి బరోడాతో దగ్గరి బంధం ఉంది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ హైదరాబాదులో చదివాక బరోడాలో సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్రం, ముద్రణకళ నేర్చుకున్నారు. తోట వైకుంఠం కూడా అక్కడ ఆయన శిష్యులే. ఇద్దరూ దూరం వెళ్లి తమ పల్లెను కొత్త కళ్లతో చూడటం నేర్చుకుని వచ్చారు. తర్వాత లక్ష్మా గౌడ్ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో అధ్యాపకులుగా, డీన్‌గా పనిచేశారు. 1988లో మొదలైన ఆ స్కూల్‌లో చిత్రకళ, నృత్యం, రంగస్థలం, కమ్యూనికేషన్ శాఖలు ఒకే కప్పు కిందకు వచ్చాయి.

విశ్వవిద్యాలయం బయట

గోడలు తగ్గించే పని విశ్వవిద్యాలయాల్లో మాత్రమే జరగలేదు. బొంబాయిలోని భూలాభాయ్ దేశాయ్ స్మారక సంస్థలో 1950, 60 దశకాల్లో చిత్రకారులకు, సంగీతకారులకు, నాటకరంగం వారికి ఒకే భవనంలో చోటు దొరికింది. ఎం.ఎఫ్. హుసేన్, వి.ఎస్. గాయితోండే అక్కడ చిత్రాలు వేసేవారు. రవిశంకర్ సంగీత పాఠశాల అక్కడే ఉండేది. ఇబ్రహీం అల్కాజీ అక్కడే నాటకాలు చేయించేవారు. 1969లో అక్బర్ పదమ్సీ తనకు లభించిన నెహ్రూ ఫెలోషిప్ ధనంతో 'విజన్ ఎక్స్ఛేంజ్ వర్క్‌షాప్' ప్రారంభించి, చిత్రకారులకు ఫోటోగ్రఫీ, చలనచిత్ర పరికరాలు అందుబాటులోకి తెచ్చారు. యువ చిత్రకారిణి నళినీ మలానీ తన తొలి చలనచిత్ర ప్రయోగాలు అక్కడే చేశారు.

1981లో ఆరుగురు చిత్రకారులు 'ప్లేస్ ఫర్ పీపుల్' ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఆ ఆరుగురిలో అకౌంటెంటైన ఖఖర్ ఒకరు. ఎక్స్‌రే వైద్య నిపుణుడైన సుధీర్ పట్వర్ధన్ మరొకరు. పగలు రోగుల శరీరాల లోపలి చిత్రాలు చూసిన కళ్లే ముంబయి శ్రామికుల శరీరాలను కాన్వాసు మీద చూశాయి.

మూడవ ప్రయత్నం: కొత్త డిగ్రీలు

1990 దశకం నాటికి కళ స్వరూపమే మారిపోయింది. 1993లో వివాన్ సుందరం 'మెమోరియల్' అనే రచన చేశారు. బొంబాయి అల్లర్లలో మరణించిన ఒక అజ్ఞాత వ్యక్తిని చూపిన పత్రికా ఛాయాచిత్రం దానికి ఆధారం. 1998లో అణుపరీక్షల తర్వాత నళినీ మలానీ, మంటో కథ 'టోబా టేక్ సింగ్' ఆధారంగా వీడియోలతో ఒక ఇన్‌స్టలేషన్ రూపొందించారు. ఇలాంటి రచన చేయాలంటే రంగులు కలపడం ఒక్కటే వస్తే చాలదు. దేశవిభజన చరిత్ర తెలియాలి, ఉర్దూ కథ చదివి ఉండాలి, కెమెరా, ధ్వని, విద్యుత్ పరికరాల పని తెలియాలి. దాన్ని చూసి వివరించే విమర్శకుడికీ అన్నీ తెలియాలి. పాత సిలబస్‌కు ఇది అందలేదు.

ఢిల్లీలో 1992లో ఏర్పడిన రాక్స్ మీడియా కలెక్టివ్ సభ్యులు ముగ్గురు. వాళ్లు కలిసి చదివినది చిత్రకళ కాదు, జామియా మిలియా ఇస్లామియాలో మాస్ కమ్యూనికేషన్. ప్రపంచ స్థాయి కళాప్రదర్శనల్లో వాళ్లు స్థానం పొందారు. కళాకారుడు కావడానికి దారి కళాశాల గుమ్మం గుండానే ఉండాలన్న నమ్మకం సడలింది.

ఈ నేపథ్యంలో 2001లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్తటిక్స్ ప్రారంభమైంది. దృశ్యకళ, నాటక ప్రదర్శన అధ్యయనం, సినిమా అధ్యయనం అక్కడి ఎం.ఏ.లో కలిసి ఉంటాయి. ఇది బొమ్మలు వేయడం నేర్పే కోర్సు కాదు, కళను అధ్యయనం చేసే కోర్సు. తర్వాత ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం దృశ్యకళ, ప్రదర్శన, సినిమా, సాహిత్య సృజనలను ఒకే స్కూల్ కిందకు తెచ్చింది. హైదరాబాదులో 1940లో మొదలైన కళాపాఠశాల నేడు 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగం. 2012 డిసెంబరులో కొచ్చి-ముజిరిస్ బినాలే మొదలయింది. 2014 నుంచి అక్కడ విద్యార్థుల బినాలే కూడా జరుగుతూ వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం బహుళశాస్త్రీయ విద్యను ఉన్నత విద్య లక్ష్యంగా ప్రకటించింది.

గుమ్మం బయట ఉన్నవారు

విద్యార్థులారా, ఇంతవరకు చెప్పిన కథ విజయగాథలా వినిపిస్తుంది. చరిత్ర విద్యార్థి అక్కడ ఆగకూడదు.

మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గ్రామపు గోండు యువకుడు జనగఢ్ సింగ్ శ్యామ్‌ను 1980 దశకం తొలినాళ్లలో చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం గుర్తించింది. 1982లో ప్రారంభమైన భోపాల్‌లోని భారత్ భవన్‌లో ఆదివాసీ చిత్రాలను, ఆధునిక చిత్రాలను స్వామినాథన్ సమానంగా ఎదురెదురుగా నిలిపారు. జనగఢ్ ఒక కొత్త చిత్రశైలికే మూలపురుషుడయ్యాడు. 2001లో జపాన్‌లో పనిచేస్తుండగా మరణించాడు. ఆయన చిత్రాల మీద పరిశోధన చేసి పట్టాలు పొందడానికి దారి ఉంది. ఆయనకు మాత్రం ఆ కోర్సుల్లో ప్రవేశానికి కావలసిన డిగ్రీ లేదు.

మన కలంకారీ, చేర్యాల నకాషీ, తోలుబొమ్మలాట కళాకారుల సంగతీ అంతే. చేర్యాల పటం ఒక చిత్రం మాత్రమే కాదు. దాన్ని విప్పుతూ కథకులు కులపురాణాలను పాడి చెబుతారు. బొమ్మ, పాట, అభినయం, చరిత్ర అందులో కలిసే ఉన్నాయి. తోలుబొమ్మలాటలో చర్మాన్ని శుద్ధి చేయడం నుంచి రామాయణ పద్యం పాడటం వరకు ఒకే కుటుంబం చేతిలో ఉంటుంది. మనం ఎంతో శ్రమించి 'కలుపుతున్న' వాటిని వాళ్లెన్నడూ విడదీయలేదు. కానీ ప్రవేశ పరీక్ష ఉన్న భాష, అడిగే పట్టా, కట్టవలసిన రుసుము వాళ్ల పిల్లలను గుమ్మం దగ్గరే ఆపుతున్నాయి. శాఖల మధ్య గోడలు తగ్గినంత మాత్రాన ప్రాంగణం ప్రహరీ తగ్గదని గుర్తించాలి.

ఈ సమస్యను తన పని ద్వారా ఎదుర్కొన్నవారిలో నవజోత్ అల్తాఫ్ ఒకరు. 1997 నుంచి ఆమె బస్తర్‌లోని కొండగావ్‌లో శాంతిబాయి, రాజ్‌కుమార్ కొర్రాం వంటి స్థానిక కళాకారులతో కలిసి పనిచేస్తున్నారు. చేతిపంపుల చుట్టూ వాళ్లు కట్టిన 'నల్‌పార్' కట్టడాల్లో శిల్పం ఉంది, పారిశుద్ధ్యం ఉంది, నిండు బిందె ఎత్తుకునే స్త్రీ నడుముకు కాస్త ఉపశమనం ఉంది. ఇక్కడ అంతర్‌శాస్త్రీయత మరొక ప్రశ్నను ముందుకు తెస్తుంది. ఇద్దరు కలిసి చేసిన పనిలో పేరు ఎవరిది, పైకం ఎవరిది? ఏ డిగ్రీ అయినా ఈ ప్రశ్నను తన విద్యార్థికి నేర్పకపోతే, 1850 నాటి గీతనే కొత్త రంగుతో మళ్లీ గీసినట్టవుతుంది.

చేరదలచిన విద్యార్థికి

ఈ చరిత్ర నుంచి మీకు ఉపయోగపడే కొన్ని సూచనలు తీసుకుందాం.

మొదటిది, కోర్సు పేరును బట్టి నిర్ణయం తీసుకోవద్దు. కొన్ని కోర్సులు స్టూడియోలో పనిచేయడం నేర్పుతాయి. సాధారణంగా వాటికి లలితకళల డిగ్రీ, మీరు చేసిన పనుల సంపుటి అవసరం. మరికొన్ని చరిత్ర, సిద్ధాంతం, విమర్శ నేర్పుతాయి. వీటిలో అనేకం ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవారినైనా చేర్చుకుంటాయి. ప్రకటనలో అర్హతలు, సిలబస్, బోధించేవారి రచనలు స్వయంగా చదవండి.

రెండవది, ఒక విద్యలో లోతు సంపాదించండి. సుబ్రమణ్యన్‌కు రేఖ మీద పట్టు ఉంది. పట్వర్ధన్‌కు శరీర నిర్మాణం తెలుసు. నిలబడటానికి ఒక గట్టు ఉన్నవాడే ఈత కొట్టి అవతలి గట్టు చేరగలడు. అన్నింటినీ పైపైన తాకిన చదువు పరీక్ష వరకే ఉంటుంది.

మూడవది, ప్రశ్నతో వెళ్లండి. పోచంపల్లి నేత కుటుంబంలో పుట్టి రసాయన శాస్త్రం చదివిన అమ్మాయి ఒకరు ఉన్నారనుకుందాం. మా అమ్మమ్మ చేతి మీద రంగు ఎందుకు పోలేదన్నది ఆమె ప్రశ్న కావచ్చు. ఆ ఒక్క ప్రశ్నలో రంగుల రసాయనం, శ్రామికుల ఆరోగ్యం, మార్కెట్టు చరిత్ర, ఒక స్త్రీ జ్ఞాపకం అన్నీ ఉన్నాయి. దాని నుంచి ఒక పరిశోధన పుట్టవచ్చు, ఒక చిత్రమాలిక పుట్టవచ్చు.

నాలుగవది, జీవనోపాధి గురించి ముందే ఆలోచించండి. ఈ డిగ్రీ తర్వాత బోధన, మ్యూజియం పని, ప్రదర్శనల నిర్వహణ, ప్రచురణ, పరిశోధన వంటి దారులున్నాయి. అవి విశాలమైన రహదారులు కావు. ఖఖర్ పద్దులు రాశారు, పట్వర్ధన్ వైద్యం చేశారు. మరో పని చేస్తూ కళను నిలుపుకోవడం చిన్నతనం కాదని వాళ్ల జీవితాలు చెబుతున్నాయి.

ముగింపు

కళాశాలల్లో మనం చూసే శాఖల విభజనను 1850 దశకంలో పాఠశాలలు తెచ్చాయి. దాన్ని సరిదిద్దడానికి 1919లో శాంతినికేతన్, 1950లో బరోడా, 2001 తర్వాత కొత్త స్కూళ్లు ప్రయత్నించాయి. ప్రతి ప్రయత్నం కొన్ని తలుపులు తెరిచింది, కొందరిని బయటే ఉంచింది. వజ్ర మహారాజుకు అన్నీ ఓపికగా చెప్పే గురువు దొరికాడు. రాజు కాబట్టి దొరికాడు. చేర్యాలలోనో, శ్రీకాళహస్తిలోనో పుట్టిన పిల్లకు కూడా అలాంటి చదువు దొరికేలా చూడటం మీ తరం ముందున్న పని.

ఆలోచించండి

1. మీ ఊరిలో లేదా మీ ఇంట్లో తయారయ్యే ఒక వస్తువును తీసుకోండి. దాన్ని పూర్తిగా అర్థం చేసుకోవడానికి ఏయే శాస్త్రాలు అవసరమో రాయండి.

2. 'ఆర్టిస్టు', 'పనివాడు' అన్న తేడా మీ ప్రాంతంలో ఇప్పటికీ ఉందా? ఒక ఉదాహరణతో చర్చించండి.

3. ఒక వృత్తికళాకారుడితో కలిసి మీరు ప్రాజెక్టు చేస్తే, దాని మీద ఎవరి పేరు ఉండాలి? మీ నిర్ణయానికి కారణం చెప్పండి.